తపాలా ఓటు: దానిని వేయు విధము, చేర్చు విధము

ఎన్నికల దినమున పోలింగు కేంద్రమునకు వెళ్లి, వ్రేలికి సిరాచుక్క పెట్టించుకొని, యంత్రముపై మీట నొక్కి వచ్చుట మన గ్రామములలో నెల్లరకును తెలిసిన పనియే. దానికి పాఠము చెప్పవలసిన పని లేదు. కాని ఆనాడు ఆ కేంద్రమునకు రాజాలని వారు ప్రతి గ్రామమునను కొందఱుందురు. సరిహద్దున కాపలా కాయుచున్న సైనికుడు, వేఱొక నియోజకవర్గమున ఎన్నికల పనికి నియమింపబడిన ఉపాధ్యాయురాలు, మంచము దిగలేని తొంబది యేండ్ల వృద్ధుడు, వీరందఱును మన యిండ్లవారే. వీరికొఱకు చట్టము తపాలా ఓటు అను మార్గము నేర్పఱచినది. ఈ మార్గమున ఓటు వేయుట కష్టము కాదు. అయితే ఇందు చిన్న పొరపాటు జరిగినను ఓటు లెక్కకు రాకుండ బోవును. తన ఓటు పోయినదను సంగతి వేసినవానికి తెలియనే తెలియదు. కావున ఈ నెల పాఠమున దీనిని సభ్యులకు విడమరచి చెప్పదలచితిమి. ఇందు చెప్పినదంతయు శాసనసభకును లోకసభకును జరుగు ఎన్నికలకే వర్తించును. మన సహకార సంఘముల ఎన్నికలకును, పంచాయతీ ఎన్నికలకును నియమములు వేఱు.

ఒక్క ఓటు పోయిన నేమగునని కొందఱు తలంతురు. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమున కొణతాల రామకృష్ణగారు 9 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానము 25 ఓట్లతో తేలినది. తపాలా ఓట్ల విషయమే చూతము. గుజరాతులోని ధోల్కా నియోజకవర్గమున 2017 డిసెంబరులో గెలిచినవారి ఆధిక్యము 327 ఓట్లు. లెక్కింపునాడు త్రోసివేయబడిన తపాలా ఓట్లు 429. ఓడిన అభ్యర్థి న్యాయస్థానమున కెక్కెను. ఆ ఓట్లను త్రోసివేయుట చట్టవిరుద్ధమని 2020 మే 12వ తేదీన గుజరాతు హైకోర్టువారు ఆ యెన్నికను కొట్టివేసిరి. మూడు దినములలో సుప్రీముకోర్టువారు ఆ తీర్పును నిలుపుదల చేసిరి. న్యాయమెటున్నను, నాలుగువందలకు పైగా ఓటర్లు వ్రాసి పంపిన కాగితములు ఎవరి లెక్కలోను చేరలేదన్నది నిజము. గెలుపు ఆధిక్యము త్రోసివేసిన తపాలా ఓట్ల సంఖ్యకంటె తక్కువైనచో, ఫలితము ప్రకటింపక పూర్వమే వానినన్నిటిని మరల పరీక్షింపవలెనని ఎన్నికల సంఘమువారి యాజ్ఞ కలదు. ఆ పరీక్షయు అధికారి తప్పును దిద్దగలదే గాని, ఓటరు చేసిన తప్పును దిద్దజాలదు.

ఈ హక్కు అందఱికిని లేదు. సైన్యము, నౌకాదళము, విమానదళములలోని వారును, సైనిక చట్టము వర్తించు కేంద్ర బలగములవారును, తమ రాష్ట్రమునకు వెలుపల పనిచేయు సాయుధ పోలీసులును, విదేశములలో భారత ప్రభుత్వోద్యోగము చేయువారును సర్వీసు ఓటర్లని పిలువబడుదురు. వారితో కలిసి నివసించు భార్యకును ఈ హక్కు కలదు. 2021 సవరణ చట్టము వలన భర్తకును వచ్చినది. ఎన్నికల పనిమీద నున్న ఉద్యోగులు రెండవ తరగతి. ముందుజాగ్రత్త చట్టముల క్రింద నిర్బంధింపబడిన వారికిని ఇది కలదు గాని, నేరముపై జైలులో నున్నవారికి ఓటే లేదు. 85 యేండ్లు దాటిన వృద్ధులును, నూటికి 40 వంతులకు తక్కువగాని వైకల్యము గలవారును, ఎన్నికల సంఘమువారు ప్రకటించిన అత్యవసర సేవలలోని ఉద్యోగులును 2019 తరువాత చేరిన తరగతులు. వృద్ధుల వయస్సు మొదట 80గా నుండెను. 2024 మార్చిలో 85 చేసిరి.

మరి దుబాయి, కువైటులకు కూలికై వెళ్లిన బిడ్డల సంగతి యేమని సభ్యులు తఱచుగ నడుగుదురు. వారికి తపాలా ఓటు లేదు. భారత పౌరసత్వము విడువక విదేశమున నున్నవాడు తన గ్రామపు జాబితాలో పేరు చేర్చుకొనవచ్చునని 2010 నాటి చట్ట సవరణ చెప్పుచున్నది. కాని ఓటు వేయవలెనన్న పాసుపోర్టు పట్టుకొని ఆ గ్రామపు పోలింగు కేంద్రమునకే రావలెను. వారు ప్రతినిధి ద్వారా ఓటు వేయునట్లు ఒక బిల్లు 2018లో లోకసభలో నెగ్గినది గాని, చట్టము కాకమునుపే 2019లో మురిగిపోయినది. ఓటొకటికై విమానపు కిరాయి పెట్టుకొనుమని కూలివానికి చెప్పుట, హక్కు ఇచ్చి తాళము తీయకుండుటయే యని మా యభిప్రాయము. హైదరాబాదు, బెంగుళూరులకు వలసపోయిన వారికిని ఇదే గతి. అయితే వారికి బస్సు ఛార్జీతో పోవును.

ఇక కాగితముల సంగతి. తపాలా ఓటరునకు అందునవి ముఖ్యముగ నాలుగు. మొదటిది బ్యాలెట్ పత్రము. రెండవది 13-ఎ ఫారము. ఇది డిక్లరేషను, అనగా ‘ఈ బ్యాలెట్ పత్రము నాకే పంపబడినది, ఆ ఓటరును నేనే’ అని ఓటరు వ్రాసియిచ్చు వాఙ్మూలము. మూడవది 13-బి యను చిన్న కవరు. నాలుగవది 13-సి యను పెద్ద కవరు. దీనిపై రిటర్నింగు అధికారి విలాసము అచ్చువేసి యుండును. వీనితో కూడ 13-డి యను సూచనల కాగితము వచ్చును. దానిని చదువక ప్రక్కన బెట్టువారే యెక్కువ.

చేయవలసిన పని యిది. బ్యాలెట్ పత్రముపై తాను కోరిన అభ్యర్థి పేరున కెదురుగ, సందేహమునకు తావులేకుండ, టిక్కు గాని క్రాసు గాని పెట్టవలెను. ఆ పత్రమును మడిచి చిన్న కవరులో నుంచి అంటింపవలెను. ఆ చిన్న కవరులో బ్యాలెట్ పత్రము తప్ప మఱేదియు నుండరాదు. పిదప డిక్లరేషనులో బ్యాలెట్ పత్రపు వరుస సంఖ్య వ్రాసి, అధికారము గల యధికారి యెదుట సంతకము చేసి, ఆయనచే ధ్రువపఱపించుకొనవలెను. అంటించిన చిన్న కవరును, విడిగా ఈ డిక్లరేషనును, రెండింటిని పెద్ద కవరులో నుంచి, దానిని అంటించి పంపవలెను. తపాలాలో వేసినచో స్టాంపు అంటింపనక్కఱలేదు. ఆ ఖర్చు సర్కారువారిదే.

కవరు ఒకటి చాలదా, రెండెందులకను ప్రశ్న వచ్చును. ఇది తెలిసినవాడు పొరపాటు చేయడు. పోలింగు కేంద్రమున మన పేరు విచారించువారు వేఱు, మనము మీట నొక్కు మూల వేఱు; ఎవరు వచ్చిరో అందఱకు తెలియును, ఎవరికి వేసిరో ఎవరికిని తెలియదు. తపాలాలో ఆ తెర యెక్కడనున్నది? ఆ తెరయే చిన్న కవరు. లెక్కింపునాడు అధికారి మొదట పెద్ద కవరును విప్పి, డిక్లరేషనును మాత్రమే చూచును. అందు సంతకములున్నవా, అందలి సంఖ్యయు చిన్న కవరుపైనున్న సంఖ్యయు కలిసినవా యని పరీక్షించును. సరిగా నున్న డిక్లరేషనుల నన్నిటిని ఒక పొట్లముగ గట్టి సీలువేసిన పిమ్మటనే చిన్న కవరులను విప్పుటకు ఆరంభింతురు. అనగా ఓటు బయటికి వచ్చువేళకు పేర్లన్నియు సీలుక్రిందకు పోయియుండును. ఇంతటి యేర్పాటు మన రహస్యము కాపాడుటకే.

ఇది గ్రహించినచో ఏ తప్పు ఓటును చంపునో తేటగ తెలియును. డిక్లరేషనును బ్యాలెట్ పత్రముతో కలిపి చిన్న కవరులో పెట్టినవాని ఓటు పోయినట్లే. ఏలనన, పెద్ద కవరులో డిక్లరేషను కనబడనిచో చిన్న కవరును విప్పనే విప్పరు. విప్పకున్న అది లోపలనున్నదని తెలియుటెట్లు? సంతకము లేనిది, అధికారి ధ్రువపఱపనిది, సంఖ్య కలియనిది, ఈ మూడింటి గతియు నిదే. సాక్షి సంతకము లేని దస్తావేజును రిజిస్ట్రారు త్రిప్పి యిచ్చును, మనము మరల వ్రాయించుకొందుము. ఇచ్చట లెక్కింపునాడు త్రిప్పి యిచ్చుట లేదు. అయితే ముందుగానే కాగితము చెడిన సంగతి గ్రహించినచో ఉపాయము కలదు: సిరా ఒలికినను, చినిగినను, చెడిన కాగితముల నన్నిటిని రిటర్నింగు అధికారికి త్రిప్పి పంపి, అది పొరపాటున జరిగినదని నమ్మించినచో రెండవ జత నిత్తురు. ఈ సంగతి చాలమందికి తెలియక, చెడిన పత్రముపైననే దిద్ది పంపుదురు.

ఇక చదువుకొన్నవారు చేయు తప్పొకటి యున్నది. కాగితము చేతికి వచ్చిన క్రింద సంతకము పెట్టుట వారికలవాటు. బ్యాలెట్ పత్రముపై సంతకము గాని, పేరు గాని, ఓటరును గుర్తుపట్టుటకు వీలగు ఏ వ్రాత గాని యున్నచో అది చెల్లదు. సంతకమునకు చోటు డిక్లరేషను మాత్రమే. ఇద్దరు అభ్యర్థుల కెదురుగ గుర్తు పెట్టినను, ఏ గుర్తును పెట్టకున్నను చెల్లదు. గుర్తు కొంచెము మసకగా నున్నంత మాత్రమున మాత్రము త్రోసివేయరాదు. ఓటరు ఉద్దేశము స్పష్టమైన చాలును. శాసనసభకును లోకసభకును ఒకేసారి ఎన్నికలు వచ్చినపుడు, 2024 మే 13న ఆంధ్రప్రదేశమున వచ్చినట్లు, కాగితములు రెండు జతలు చేతికి వచ్చును. లోకసభ పత్రము తెలుపు, శాసనసభ పత్రము గులాబిరంగు. ఒక జత పత్రమును మఱియొక జత కవరులో పెట్టరాదు. తనతో వచ్చిన కవరులో తిరిగి రాని పత్రమును త్రోసివేయవలెనని నియమము.

ఈ రెండు కవరుల పద్ధతి మన దేశమున మాత్రమే లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లోపలి కవరు లేకుండ వచ్చిన ఓటును లెక్కింపరాదని అచ్చటి రాష్ట్ర సుప్రీముకోర్టువారు 2020 సెప్టెంబరులో తీర్పు చెప్పిరి. అట్టిదానిని అచ్చటివారు హాస్యమునకు ‘బట్టలేని ఓటు’ అందురు. ఆ దేశ పౌరులైన మన తెలుగువారు పెక్కుమంది తపాలాలోనే ఓటు వేయుదురు గాని, వారి గడువు రాష్ట్రమున కొకతీరు. 2024 ఎన్నికలలో పెన్సిల్వేనియావారికి ఎన్నికల దినము రాత్రి 8 గంటలలోపల కవరు చేరవలసి యుండెను. కాలిఫోర్నియాలో ఆ దినపు తపాలా ముద్ర యున్నచో మఱి 7 దినముల వఱకు చేరినను చెల్లెను. మన దేశమున తపాలా ముద్రతో పనిలేదు. లెక్కింపు మొదలుపెట్టుటకు నియమించిన గంటకు ముందే పెద్ద కవరు రిటర్నింగు అధికారి చేతికి చేరియుండవలెను. ఒక్క నిమిషము ఆలసించినను దానిని విప్పక అట్లే కట్టగట్టి యుంచుదురు.

సైనికులకు ఈ గడువే పెద్ద చిక్కుగ నుండెను. హిమాలయములలోని శిబిరమునకు బ్యాలెట్ పత్రము చేరి, తిరిగి వచ్చువేళకు లెక్కింపు ముగియుచుండెను. అందుచేత 2016 అక్టోబరులో నియమములు మార్చి, పోవు ప్రయాణమును తంతి తీగల పాలు చేసిరి. బ్యాలెట్ పత్రము ఇపుడు కంప్యూటరు మార్గమున సైనికుని దళ కార్యాలయమునకు క్షణములో చేరును. దానిని అచ్చట అచ్చు తీసి, ఓటు గుర్తించి, దళాధికారి నియమించిన వానిచే డిక్లరేషను ధ్రువపఱపించి, కవరులలో నుంచి తపాలాలో పంపవలెను. తిరుగు ప్రయాణము ఇప్పటికిని తపాలా సంచిలోనే. కావున సైన్యమునందు బిడ్డలున్నవారు ఫోనులో మాటలాడునపుడు, పత్రము వచ్చిన దినముననే పంపుమని చెప్పుట మంచిది.

ఎన్నికల పనిలో నున్న ఉద్యోగులు 12వ నంబరు ఫారముతో దరఖాస్తు పెట్టవలెను. పూర్వము వారు కవరులను ఇంటికి తీసికొనిపోయి, లెక్కింపునాటి వఱకు ఎపుడైనను పంపుచుండిరి. నెలరోజులు ఇంట నున్న ఓటు చుట్టు అభ్యర్థుల మనుష్యులు తిరుగుట వింత కాదు. ఇట్టి ఒత్తిళ్లకును లంచములకును తావుండరాదని 2023లో నియమము మార్చి, వారు ఫెసిలిటేషన్ కేంద్రముననే పత్రము తీసికొని, అచ్చటనే ఓటు వేసి, అచ్చటనే యీయవలెనని చేసిరి. ఈ మార్పు మేలైనదని మేము తలంచుచున్నాము. ఆ మఱుసటి యేడు మన రాష్ట్రముననే దీనిపై వివాదము పుట్టినది. రిటర్నింగు అధికారి నియమించిన గెజిటెడు అధికారి డిక్లరేషనుపై సంతకము చేసి, తన పేరు, హోదా, ముద్ర వేయకున్నను ఆ ఓటు చెల్లునని ఎన్నికల యధికారులు చెప్పిరి. అది తగదని ఒక పక్షమువారు హైకోర్టున కేగిరి. 2024 జూన్ 1న హైకోర్టువారును, లెక్కింపునకు ముందుదినమున సుప్రీముకోర్టువారును జోక్యము చేసికొనుటకు నిరాకరించిరి. ఉద్యోగి చేయని తప్పునకు అతని ఓటు పోరాదనుట న్యాయమే. అయినను అధికారి సంతకము చేసిన పిమ్మట, ముద్ర కూడ వేయుడని వినయముగ నడుగుటలో దోషము లేదు.

మన గ్రామములకు ఎక్కువ పనికివచ్చునది వృద్ధుల సంగతి. వారికి ఓటు తపాలాలో రాదు; అధికారులే ఇంటికి తెత్తురు. కాని అడుగనిదే రారు. ఎన్నికల నోటిఫికేషను వెలువడిన తరువాత 5 దినములలోపల 12-డి ఫారము నింపి యీయవలెను. బూతు స్థాయి అధికారి, అనగా మన యూరిలో బి.ఎల్.ఓ. అని పిలుచు నాయన లేక ఆమె, ఆ ఫారమును ఇంటికి తెచ్చి, నింపినదానిని తీసికొనిపోవును. వైకల్యము గలవారు ధ్రువపత్రపు నకలును జతపఱుపవలెను. ఐదు దినములనగా కోతల కాలమున కన్ను మూసి తెఱచునంతలో గడచును. పెద్దలున్న యిండ్లవారు నోటిఫికేషను తేదీని గుర్తుంచుకొనవలెను. తెలియనిచో 1950 నంబరునకు ఫోను చేసి యడుగవచ్చును.

ఫారము ఇచ్చుటకు ముందు ఒక మాట ఆలోచింపవలెను. దరఖాస్తు అంగీకరింపబడినచో జాబితాలో ఆ పేరునకెదురుగ తపాలా ఓటు గుర్తు వేయుదురు. ఆ గుర్తు పడినవారికి పోలింగు కేంద్రమున ఓటు లేదు. కఱ్ఱ పట్టుకొని యైనను నడచిపోయి అందఱితో కలిసి ఓటు వేయుటయే పండుగగ దలచు ముసలమ్మలు మన యూళ్లలో నెందఱో యున్నారు. అట్టి యామె పేర, ఆమె నడుగకయే, కొడుకు 12-డి ఫారము ఇచ్చినచో, పోలింగునాడు ఆమెను గుమ్మము నుండియే త్రిప్పి పంపుదురు. ఆమె సమ్మతి లేనిదే ఫారము ఇయ్యరాదు.

అధికారులు వచ్చు దినమును ముందుగ తెలుపుదురు. ఇద్దరు పోలింగు అధికారులును, వీడియో తీయువాడును వత్తురు. అభ్యర్థులకు సైతము ఆ తేదీలు తెలుపబడును. వచ్చినపుడు ఓటరు ఇంట లేనిచో మఱియొకసారి వత్తురు. అపుడును లేనిచో మూడవసారి రారు. ఆ దినములలో ముసలివారిని కూతురింటికి పంపుట తగదు. వీడియో పని జరిగిన తీరునకే గాని, గుర్తు ఎవరిపై పెట్టిరో చూచుటకు కాదు. మంచముచుట్టు తెరగట్టి యైనను ఏకాంతము కల్పింపవలెను. చూపు లేనివారు, చేయి కదలనివారు పెద్ద వయస్సు వచ్చిన ఒకరిని తోడు కోరవచ్చును. తోడున్నవాడు ఓటరు చెప్పినట్లు గుర్తు పెట్టవలెను గాని, తన యిష్టమును ఓటరు చెవిలో నూదరాదు. తెలిసిన రహస్యమును బయట పెట్టరాదు. ఓటు వేసిన పిదప చిన్న కవరు, డిక్లరేషను, పెద్ద కవరు అన్నియు పైని చెప్పినట్లే. ఇంటనే ధ్రువపఱచి, అంటించిన కవరును అధికారులే తీసికొనిపోవుదురు.

సైనికుల విషయమున మఱియొక మార్గము మిగిలినది. తపాలాను నమ్మనివాడు తన నియోజకవర్గమున నివసించు 18 యేండ్లు నిండిన ఒకరిని ప్రతినిధిగ నియమింపవచ్చును. 2003 సవరణ వలన సాయుధ దళములవారికిని, సైనిక చట్టము వర్తించు బలగములవారికిని మాత్రమే ఇది వచ్చినది. 13-ఎఫ్ ఫారముపై అధికారి యెదుట సంతకము చేసి పంపవలెను. అటు పిమ్మట ఆ సైనికునకు తపాలా పత్రము రాదు. ప్రతినిధి, తఱచుగ తండ్రియో అన్నయో, పోలింగు కేంద్రమునకు పోయి సైనికుని ఓటును తానే వేయును. తన స్వంత ఓటు వేయునపుడు ఎడమ చేతి చూపుడు వ్రేలికి సిరా పెట్టుదురు. సైనికుని ఓటు వేయునపుడు ఎడమ చేతి నడిమి వ్రేలికి పెట్టుదురు. కావున పోలింగునాటి సాయంకాలము రచ్చబండకడ రెండు వ్రేళ్లకు సిరా గల రైతు కనబడినచో, దొంగ ఓటు వేసినాడని తొందరపడి తగవు పెట్టుకొనరాదు. ఆయన కొడుకెక్కడ పనిచేయుచున్నాడో యడుగవలెను.